అసమయంలో ఒక సరస్సు



పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక నాలుగో అధ్యాయం ఒకసారి తీసి చూడండి. సమయమైనా అసమయమైనా వాక్యం చెప్పే పనిలో నిలబడి ఉండమని ఆ పెద్దాయన తన కుర్ర సహపనివానికి అప్పగింత పెడుతున్నాడు. సమయం, అసమయం అంటే మన ఊళ్ళ మాటలో సీజన్, అన్‌సీజన్. మామిడికి సీజన్ ఉంది, పెళ్ళిళ్ళకు సీజన్ ఉంది. దాచుకోవడం ఎందుకు, మన సంఘాలకూ ఉంది. డిసెంబరులో గుడి బయట కూడా చాపలు పరుస్తాం. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ చాపలు చుట్టి మూలన నిలబెడతాం. పండగకు వచ్చిన పిల్లలు మళ్ళీ హైదరాబాదు, బెంగళూరు బస్సులు ఎక్కేస్తారు.

ఆ అధ్యాయాన్నే ఇంకొంచెం కిందికి చదవండి. దేమా విడిచి వెళ్ళిపోయాడు. క్రేస్కే ఒక దిక్కుకు, తీతు ఒక దిక్కుకు వెళ్ళారు. దగ్గర ఉన్నది లూకా ఒక్కడే. త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీ తెచ్చిపెట్టమని అడుగుతున్నాడు. చలికాలం రాకముందే రమ్మని బతిమాలుతున్నాడు. అసమయంలో నిలబడమని చెప్పిన మనిషి తానే అసమయంలో కూర్చుని ఆ మాట రాశాడన్నమాట. ఈ సంగతి చాలాసార్లు చదివాం, చాలాసార్లు బోధించాం. ఈసారి దాన్ని ఒక కొండ ఊళ్ళో, ఒక సరస్సు ఒడ్డున కూర్చుని తలచుకునే భాగ్యం ప్రభువు మాకిచ్చాడు.

మా సంఘంలో పెరిగిన ఒక కుర్రాడు ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీలో ఉద్యోగం చేస్తున్నాడు. మొదటి బిడ్డ పుట్టింది. బిడ్డను ప్రభువుకు ప్రతిష్ఠించడానికి మీరే రావాలని పట్టుబట్టి టికెట్లు పంపాడు. ఫిబ్రవరి ఆఖరి వారం, శ్రమల దినాలు మొదలైన రోజులు. ఢిల్లీ దాకా ఒక రైలు, అక్కడి నుంచి రాత్రి ఇంకో రైలు. శుక్రవారం సాయంత్రం ప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. మరుసటి ఉదయం అబ్బాయే అన్నాడు: "అయ్యగారూ, అమ్మగారూ, ఇంత దూరం వచ్చారు. నైనీతాల్ వెళ్ళి రెండు రోజులు ఉండి రండి. ఇప్పుడు అన్‌సీజన్, గది చవగ్గా దొరుకుతుంది."

బయలుదేరేటప్పుడు మా మనసులో ఒక బరువు ఉంది. అది మీకు చెప్పకపోతే ఈ రాత అర్థం కాదు. మా ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న పల్లె ఉంది. ప్రతి గురువారం సాయంత్రం అక్కడ కూడిక పెడతాం. ఒకప్పుడు ముప్పై మంది వచ్చేవారు. వానలు తప్పాయి, బోర్లు ఎండాయి, జనం పనుల కోసం పట్నాలకు వెళ్ళిపోయారు. రెండేళ్ళుగా వస్తున్నది ఇద్దరే ఇద్దరు అవ్వలు. ఒకామెకు చూపు ఆనదు, ఇంకొకామె ఆటో ఎక్కి కూర్చోలేదు. జనవరిలో సంఘ పెద్దలు కూర్చున్నప్పుడు ఒకాయన ప్రేమగానే అడిగాడు: "అయ్యగారూ, ఇద్దరి కోసం వారం వారం పెట్రోలు పోసుకుని చీకట్లో పోయి రావడం ఎందుకు? నెలకొకసారి వెళ్ళి ప్రభు బల్ల ఇచ్చి వస్తే సరిపోదా? ఆ సాయంత్రం ఇక్కడ యువకుల కూడిక పెట్టుకోవచ్చు కదా." ఆ మాటలో తప్పేమీ లేదు. ప్రార్థన చేసి ఈస్టరు లోపల చెబుతామన్నాం.

కాఠ్‌గోదాం దాటగానే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే ఎండ ప్రాంతం నుంచి చలి ప్రాంతంలోకి ఎక్కేస్తాం. సముద్ర మట్టానికి సుమారు 1,940 మీటర్ల ఎత్తున, కొండల నడుమ ఆ సరస్సు ఉంది. ఒక కొస పేరు తల్లీతాల్, రెండో కొస మల్లీతాల్, అంటే కింది కొస, పై కొస. రెండింటినీ కలుపుతూ ఒక ఒడ్డున మాల్ రోడ్డు ఉంది. ఎదుటి ఒడ్డున చెట్ల నీడలో నడిచే దారిని ఠండీ సడక్ అంటారు, అంటే చల్లని బాట. ఫిబ్రవరిలో ఆ బాట మీద నడిస్తే పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు. మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు. అయిదడుగులకోసారి ఆగుతూ నడిచాం.

మే, జూన్ నెలల్లో ఆ ఊళ్ళో కాలు పెట్టడానికి చోటు ఉండదట. మేము చూసిన ఊరు వేరు. హోటళ్ళలో సగం కిటికీలు మూసి ఉన్నాయి. ఉన్ని బట్టల అంగళ్ళవాళ్ళు ఎండ పడిన చోటికి కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. హంస ఆకారపు తొక్కుడు పడవలు వరుసగా కట్టేసి ఉన్నాయి. కొండ వాలుల్లో అక్కడక్కడ బురాన్ష్ చెట్లు ఎర్రటి పూలు తొడగడం మొదలుపెట్టాయి. చూసేవాళ్ళు లేరని అవి పూయడం మానలేదు.

ఒడ్డున ఒక పడవవాడు తన చెక్క పడవను బోర్లించి గీకుతున్నాడు. పాత రంగు ఊడదీసి, పగుళ్ళు పూడ్చి, కొత్త రంగు వేయాలి. మా వచ్చీ రాని హిందీలో, "బేరం లేదా బాబూ?" అని అడిగాం. నవ్వాడు. "ఇప్పుడు బేరం లేదు, పని ఉంది. సీజన్‌లో పడవను ఒడ్డుకు తీసే తీరిక ఎక్కడ? ఇప్పుడు బాగు చేసుకోకపోతే మే నెలలో నీళ్ళెక్కుతాయి" అన్నాడు. బేరం లేకపోయినా పని ఉందన్న ఆ మాట ఆ రోజంతా మాతోనే నడిచింది.

మల్లీతాల్ పైన దేవదారు చెట్ల మధ్య ఒక పాత రాతి గుడి ఉంది. దాని పేరు సెయింట్ జాన్ ఇన్ ద వైల్డర్‌నెస్, అంటే అరణ్యంలోని యోహాను గుడి. 1844లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఈ ఊరికి వచ్చినప్పుడు ఆ చోటు చూశారని, ఆ పేరూ ఆయన పెట్టినదేనని చెబుతారు. అప్పటికి చుట్టూ అడవే. కాపలా చూసే ఆయన తలుపు తీశాడు. లోపల ఒక ఇత్తడి ఫలకం ఉంది. 1880 సెప్టెంబరు 18న విరిగిపడిన కొండ కింద చనిపోయినవారి జ్ఞాపకార్థం పెట్టినది.

ఆ సంగతి క్లుప్తంగా చెబుతాం. రెండు రోజులు ఎడతెగని వాన. శనివారం ఉదయం షేర్ కా డండా అనే కొండ వాలు కొంత జారి ఒక హోటలు వెనుక భాగం మీద పడింది. మట్టి కింద ఉన్నవాళ్ళను తీయడానికి సిపాయిలు, కూలీలు, అధికారులు పరుగెత్తారు. వాళ్ళు తవ్వుతూ ఉండగానే మధ్యాహ్నం కొండ పెద్ద ఎత్తున విరిగిపడింది. మొత్తం 151 మంది పోయారు. అందులో 108 మంది భారతీయులు. సరస్సు ఒడ్డున ఉన్న నైనా దేవి గుడి కూడా పోయింది, తర్వాత మళ్ళీ కట్టారు. రక్షించడానికి వెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కంటే గొప్ప ప్రేమ లేదని మన ప్రభువు చెప్పిన మాట ఆ ఫలకం ముందు నిలబడితే గొంతులో అడ్డుపడుతుంది.

ఆ విపత్తు తర్వాత ఊరి కొండల నిండా వాన నీటి కాలువలు కట్టారు. నాలాలు అంటారు. పైన పడిన వాన కొండలోకి దిగి మట్టిని వదులు చేయకుండా, రాతి కాలువల గుండా సరస్సులోకి పోవాలి. ఆ కాలువలే ఈనాటికీ ఊరిని పట్టుకుని ఉన్నాయి. గుడి నుంచి దిగి వస్తుంటే ముగ్గురు మనుషులు పారలతో ఒక నాలాలో పూడిక తీస్తున్నారు. రాళ్ళు, ఆకులు, చిప్సు పొట్లాలు, మట్టి. వాన పడేది జూన్ తర్వాత. వాళ్ళు తట్టలు మోస్తున్నది ఫిబ్రవరిలో. ఫోటో తీసుకునేవాళ్ళు లేరు, చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. వానాకాలంలో ఒక ఇంటి పిల్లలు నిశ్చింతగా నిద్రపోయారంటే, దానికి ఆ మూడు పారలు కూడా కారణం.

ఆదివారం మల్లీతాల్‌లోని మెథడిస్టు గుడికి వెళ్ళాం. ఆ గుడి పుట్టుకే అసమయంలో జరిగింది. 1857లో తిరుగుబాటు రేగినప్పుడు విలియం బట్లర్ అనే అమెరికా మిషనరీ కుటుంబంతో బరేలీ వదిలి, ప్రాణాలు దక్కించుకుని ఈ కొండకు చేరాడు. పరిచర్య మొదలుపెట్టి కొన్ని నెలలే అయింది. బరేలీలో ఆయన ఇల్లు, పుస్తకాలు కాలిపోయాయి. మనమైతే ఇక ఓడ ఎక్కి ఇంటికి పోదామనుకుంటాం. ఆయన 1858లో ఇక్కడ గుడి పని మొదలుపెట్టాడు. భారతదేశంలో అమెరికా మెథడిస్టులు కట్టిన మొదటి గుడి అదే. మేము వెళ్ళిన ఉదయం ముందు బెంచీలలో మాత్రమే మనుషులున్నారు. చలికి నోట మాటతోపాటు ఆవిరి వస్తోంది. హిందీ పాటలు మాకు సగమే అర్థమయ్యాయి, కాని ఆమేన్ మాత్రం ఏ భాషలోనైనా ఒకటే.

ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన మమ్మల్ని పలకరించారు. పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. "పాస్టర్ జీ, మీరు మంచి కాలంలో వచ్చారు. సరస్సు ఊపిరి పీల్చుకునే కాలం ఇది" అన్నారు. టీ తాగుతూ ఆ సంగతి వివరించారు. నైనీ సరస్సు లోతు ఎక్కువ ఉన్నచోట సుమారు 27 మీటర్లు. వేసవిలో పైనీళ్ళు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతాయి. అడుగు నీళ్ళు చల్లగా, బరువుగా కిందే ఉండిపోతాయి. రెండూ కలవవు. పైన పడవలు తిరుగుతుంటే, కింద గాలి అందక నీళ్ళు మురుగుతాయి. చలికాలం వచ్చాక పైనీళ్ళు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి. పైనా కిందా చలి ఒకటవుతుంది. అప్పుడు గాలికి సరస్సు మొత్తం కలిసి తిరగబడుతుంది. ప్రాణవాయువు అడుగు దాకా చేరుతుంది.

"మరి ఇదంతా మంచిదేనా మాస్టారూ?" అని అడిగాం. ఆయన తల అడ్డంగా ఊపారు. "అడుగున ఎన్నాళ్ళుగానో పేరుకున్న కుళ్ళు కూడా అప్పుడే పైకి వస్తుంది. ఒక్కోసారి చేపలు చచ్చిపోయేవి. అందుకే 2007 నుంచి గొట్టాలతో అడుగుకు గాలి పంపిస్తున్నారు. కాని తిరగబడకపోతే ఇంకా ప్రమాదం" అన్నారు.

ప్రియులారా, శ్రమల దినాలు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇకమీద మేము ఈ సరస్సు సంగతి చెబుదామనుకుంటున్నాం. పండగ రోజుల్లో మన పైనీళ్ళు వెచ్చగా, మెరుస్తూ ఉంటాయి. పాటలు, సాక్ష్యాలు, కొత్త బట్టలు. అడుగున ఏముందో ఎవరికీ కనపడదు, మనకూ కనపడదు. చలి వచ్చి, జనం పలచబడి, ఇల్లు నిశ్శబ్దమైనప్పుడు పాత కోపాలు, దాచిన దుఃఖాలు పైకి తేలుతాయి. దేవుడు దూరమయ్యాడేమోనని భయపడతాం. ఆ కలత ఒక్కటే చూసి అలా అనుకోకండి. ఆయన ఊపిరి మన అడుగుదాకా దిగుతున్న సమయం కూడా అదే కావచ్చు. పైకి వచ్చినదాన్ని మళ్ళీ తొక్కిపెట్టకుండా ఆయన ముందు ఒప్పుకుని వదిలేయడమే మన వంతు.

మాస్టారు అంతటితో వదల్లేదు. "ఇంకొకటి చూడాలి, రండి" అని ఊరి పైభాగానికి తీసుకెళ్ళారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారి కోసం టాక్సీ పిలిచారు. దిగి చూస్తే అక్కడ ఏమీ లేదు. ఇళ్ళ మధ్య ఒక గుంట. అడుగున మట్టి, రాళ్ళు, ఎండు గడ్డి. "దీని పేరు సూఖాతాల్" అన్నారు. ఎండు చెరువు అని అర్థం. వానాకాలంలో నిండుతుంది, తర్వాత ఎండిపోతుంది. యాత్రికులు ఇక్కడ ఆగరు. చుట్టూ ఇళ్ళు లేచాయి, కొన్నాళ్ళు చెత్త, కట్టడాల మట్టి తెచ్చి పోశారు. ఎండిన గుంటే కదా అనుకున్నారు.

"ఇందులో నిలిచిన వాన నీళ్ళు ఎక్కడికి పోతాయో తెలుసా?" అని అడిగి, మాస్టారు కింద మెరుస్తున్న నైనీ సరస్సు వైపు చెయ్యి చూపారు. ఈ గుంటలో ఇంకిన నీరు రాళ్ళ సందుల్లోంచి భూమి లోపలే దిగి ఆ సరస్సులో ఊరుతుందట. నైనీ సరస్సుకు లోపలి నుంచి అందే ఊటలో చాలా భాగం ఇక్కడిదేనని నీటి శాస్త్రజ్ఞులు పరిశీలించి చెప్పారు. ఆ ఊరు తాగేది ఆ సరస్సు నీళ్ళే. 2017 వేసవిలో సరస్సు బాగా కిందికి దిగిపోయి ఒడ్డున మట్టి దిబ్బలు తేలినప్పుడు, ఈ ఎండు చెరువు విలువ గురించి పెద్ద చర్చే జరిగిందని చెప్పారు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకే పల్లె గుర్తొచ్చింది.

ఆ గురువారం కూడికకు వచ్చే ఇద్దరు అవ్వల్లో చూపు ఆనని ఆమె ఎవరో మీకింకా చెప్పలేదు. హల్ద్వానీలో మాకు టికెట్లు పంపిన కుర్రాడి అవ్వ. అమ్మానాన్నలు పనుల కోసం ఊళ్ళు తిరుగుతుంటే వాణ్ణి పెంచింది ఆమే. చదువు రాదు. వాక్యం చెవులతో విని, వచనం వచనం కంఠతా పట్టి, మనవడికి నేర్పింది. పిల్లవాడు హాస్టలుకు వెళ్ళాడు, చదివాడు, రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉద్యోగం సంపాదించాడు. భాష రాని ఊళ్ళో, ఆదివారం తన భార్యతో కలిసి గుడి వెతుక్కుని వెళ్ళాడు. బిడ్డ పుడితే ముందుగా ప్రభువు చేతుల్లో పెట్టాలనుకున్నాడు. శుక్రవారం ఆ పసిదాన్ని ఎత్తుకుని ప్రార్థన చేసినప్పుడు మేము చూసినది నైనీ సరస్సు. దాని వెనుక ఉన్న సూఖాతాల్ మా ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, రేకుల వసారా కింద, గురువారం సాయంత్రం మోటారు సైకిల్ చప్పుడు కోసం చెవి పెట్టి కూర్చుని ఉంటుంది.

ఆమె ప్రార్థనలో పేర్లు చదువుతుంది. ఊరు వదిలిపోయినవాళ్ళందరి పేర్లు, ఇంటి వరుసన. బెంగళూరులో తాపీ పని చేసేవాడు, హైదరాబాదులో సెక్యూరిటీ డ్యూటీ చేసేవాడు, గల్ఫ్‌లో ఉన్నవాడు. ఒక్కో రోజు ఆ పేర్లకే ఇరవై నిమిషాలు పడుతుంది. రెండో అవ్వ ప్రతి పేరుకూ ఆమేన్ అంటుంది. మా లెక్క పుస్తకంలో ఆ కూడికకు హాజరు రెండు అని రాస్తాం. పరలోకపు పుస్తకంలో ఏమని రాస్తున్నారో మాకు తెలియదు.

ఇప్పటికి అక్కడ పంట కనపడకపోవచ్చు. ఆ ఇద్దరూ ప్రభువు పిలుపు అందుకున్నాక ఆ పల్లెలో కూడిక ఉంటుందో లేదో కూడా మా చేతిలో లేదు. పెట్రోలు ధర తగ్గదు, చీకటి దారి వెలుగవదు. ఎండు చెరువును ఎండు చెరువుగానే చూసి కూడా దాన్ని పూడ్చకుండా కాపాడటం, అంతవరకే మాకు అప్పగించిన పని అనిపించింది. నీరు ఏ దారిన దిగి ఎక్కడ ఊరుతుందో చూసుకునేవాడు వేరే ఉన్నాడు.

తిరిగి వచ్చాక పెద్దలతో కూర్చుని మా మాట చెప్పాం. గురువారం కూడిక ఆగదు. యువకుల కూడిక కూడా కావలసినదే, దాన్ని శనివారం పెట్టుకున్నాం. ముందు అడిగిన ఆ పెద్దాయనే కాసేపు ఆలోచించి, "అయితే అయ్యగారూ, నెలలో ఒక గురువారం మీతో నేనూ వస్తాను. ఆ పేర్లలో మా తమ్ముడి పేరు కూడా ఉంటుందా?" అని అడిగాడు. ఆయన తమ్ముడు ఇల్లు వదిలి పద్నాలుగేళ్ళయింది. ఉంటుందని చెప్పాం. ఆమె ఎవరినీ వదలదు.

ఈ రాత చదువుతున్న సహోదరీ, సహోదరుడా, మీ జీవితంలో ఇది అన్‌సీజన్ కావచ్చు. ఉద్యోగం ఆగి ఉండవచ్చు. పిల్లలు దూరమై ఇల్లు బోసిగా ఉండవచ్చు. మీ సంఘంలో బెంచీలు ఖాళీగా ఉండవచ్చు. బేరం లేకపోయినా పని ఉంటుంది. పడవ పగుళ్ళు పూడ్చుకునే పని, కాలువ పూడిక తీసే పని, పేర్లు పెట్టి ప్రార్థించే పని. పౌలు ఆ చివరి పత్రికలో అంగీ గురించి, చలికాలం గురించి రాయకముందు, మొదటి అధ్యాయంలోనే ఒక అవ్వను తలచుకున్నాడు. తిమోతిలో ఉన్న విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో ఉందని. లోయి చేసిన ప్రార్థన ఒక్కటి కూడా బైబిల్లో రాసి లేదు. కాని ఆమె ఊట ఎక్కడ తేలిందో మనకు తెలుసు.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, జనం ఉన్న దినాల్లో నీవు మాతో ఉన్నావు, జనం లేని దినాల్లోనూ ఉన్నావు. మా అడుగుదాకా నీ ఊపిరి దిగనివ్వు. పైకి వచ్చిన మురికిని నీవే తీసివేయి. మేము ఎండిపోయాయనుకునే చోట్లను పూడ్చకుండా మా చేతులను కాపాడు. ఊరు వదిలిన మా పిల్లలను, వారి పేర్లు పలికే ముసలి పెదవులను దీవించు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.